కొయ్యచావిడిలో ఎండురాత్రి

తొండలగుట్టపల్లెకు పడమట, నల్లమలకు పోయే బండ్లబాట పక్కన, పైకప్పు కూలిన రాతి చావిడి ఒకటి ఉంది. పగలు అక్కడ మేకలు పడుకుంటాయి. పొద్దు వాలితే మేకలు కూడా లేచిపోతాయి.

చీకటి పడ్డాక ఆ బాటన పోవలసివస్తే పోండి. అది రాళ్ళు రువ్వే దెయ్యం కాదు, మీదపడి గొంతు నులిమే దెయ్యం కాదు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఒక గొంతు వినబడుతుంది... అంతే. ముసలి గొంతు. బతిమాలుతున్నట్టు, మెత్తగా అడుగుతుంది—

"నీ పేరేంది నాయనా?"

జవాబు చెప్పకండి. అడిగేది మిమ్మల్ని కాదు. లోపలున్నవాణ్ణి. లోపల ఎవరున్నారా అని తొంగిచూడనూ వద్దు.

అడిగేది ఎవరో, ఎందుకు అడుగుతాడో ఆ ఊళ్ళో ముసలివాళ్ళకు తెలుసు. చెప్పమంటే ముందు చుట్టూ చూసి, తరువాత చెబుతారు.

దొరల కాలంలో ఆ చావిడి మునసబు కచేరీ. ఊళ్ళో దొంగను పట్టేది మునసబే, తగువు తీర్చేది మునసబే, శిక్ష వేసేదీ మునసబే. ఆయన కింద కర్ర పట్టుకు తిరిగే తలారి ఒకడు. వీళ్ళిద్దరికీ తోడు, చావిడి నడిమధ్య బొండకొయ్య.

బొండకొయ్యను చూసినవాళ్ళు ఇప్పుడు లేరు కాబట్టి చెప్పాలి. ఒకదాని మీద ఒకటి రెండు మద్దిదూలాలు. వాటి మధ్య నాలుగు బెజ్జాలు. మనిషిని నేలమీద కూలేసి, కాళ్ళు రెండు బెజ్జాల్లో పెట్టి, పైదూలం దించి తాళం వేస్తే... ఇక వాడు లేవలేడు, పక్కకు ఒరగలేడు. ఎవరి కాళ్ళు అందులో పెట్టవచ్చో కూడా దొరలు చట్టంలో రాసి పంపారు. తక్కువ కులాల వాళ్ళవి మాత్రమే. అంత శ్రద్ధగా ఆలోచించి రాసినవాళ్ళు, లోపలున్నవాడికి దాహమేస్తే ఏం చెయ్యాలో రాయడం మరిచిపోయారు.

మొదట్లో మునసబుగిరీ తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. ఒక తరంలో కొడుకు లేకపోయాడు. దాయాదులిద్దరూ నాకంటే నాకని పదేళ్ళు దొరల చుట్టూ తిరిగారు. విసిగిపోయిన దొర ఒకాయన గుర్రం దిగకుండానే తేల్చేశాడట. "మూడేళ్ళకోసారి అందరూ చావిడి ముందు చేరండి. ఎవడు కావాలో చేతులెత్తి చెప్పుకోండి." చుట్టుపక్కల ఎక్కడా లేని వింత అది. రాచర్లవాళ్ళు, వెలిగండ్లవాళ్ళు నవ్వి, ఆ ఊరి మునసబుకు 'చేతుల మునసబు' అని పేరు పెట్టారు.

అందరూ అన్నమాటే గాని, ఎత్తేది భూమి ఉన్న మగవాళ్ళ చేతులే. ఊరి బయట పేటలో ఉండే తక్కువ కులాలవాళ్ళు దూరంగా నిలబడి చూడవచ్చు.

మొదటి చేతుల మునసబు కాశిరెడ్డి మెత్తని మనిషి. కొయ్యలో కూర్చున్నవాడికి మజ్జిగ పోయించేవాడు. పేరడిగి, ఊరడిగి, మాటల్లో పెట్టి నిజం రాబట్టేవాడు. ఆయన హయాంలో రెండెడ్లు పోయాయి. మూడేళ్ళు తిరిగేసరికి ఆయనకు పది చేతులు కూడా లేవలేదు. రెండోవాడు మజ్జిగ మాన్పించాడు. చేతులు లేచాయి. మూడోవాడు కొయ్యను నీడలోంచి ఎండలోకి లాగించాడు. ఇంకా ఎక్కువ చేతులు లేచాయి.

ఊరికి కావలసింది దొంగ కాదు, కొయ్యలో కూర్చున్న మనిషి. ఈ సంగతి కనిపెట్టినవాడు నాలుగో మునసబు ఓబుల్‌రెడ్డి.

ఓబుల్‌రెడ్డి తాగడు. లంచం ముట్టడు. ఏటా మార్కాపురం పోయి చెన్నకేశవస్వామి తేరు లాగి వస్తాడు. లేకలేక పుట్టిన కొడుక్కి ఆ స్వామి పేరే పెట్టుకున్నాడు. ఆయనకు లోకంలో ప్రాణమైనవి రెండే. ఆ కొడుకొకడు. చావిడి ముందు ఒక్కసారిగా లేచే చేతులొకటి. అంత మంచివాడు గనకే ఊరు ఆయన్ను నమ్మింది. అసలు భయపడవలసింది అలాంటివాళ్ళకే.

కొయ్యను ఎండలోంచి మళ్ళీ చావిడిలోకి తెప్పించింది ఆయనే. అబ్బ, ఎంత దయ అనుకున్నారు జనం. దయ కాదు. ఆయన దగ్గర అంతకంటే మంచి ఉపాయం ఉంది. దానికాయన పెట్టిన పేరు ఎండురాత్రి.

దొరికినవాణ్ణి పొద్దుగూకగానే కొయ్యలో పెట్టాలి. తెల్లవారేదాకా చుక్క నీళ్ళివ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం, వాడి పేరు అడగకూడదు.

"పేరడిగినావంటే చెడిపోతావురా," అని తలారికి చెప్పేవాడు. "పేరడిగితే ఊరడుగుతాం. ఊరడిగితే వాడు ఎవురికో అల్లుడయితాడు, ఎవురికో మేనమామ అయితాడు. వరస కలిసినాక కొయ్యలో ఎవుర్ని పెడతాం? రాత్రంతా ఎండనీ. పేరు పొద్దున అడుగుదాం."

ఆ మాట నిజం. మన ఊళ్ళలో ఎవరి పేరడిగినా ఏదో ఒక వరస తగలకుండా పోదు. కాశిరెడ్డి అందుకే అడిగేవాడు. ఓబుల్‌రెడ్డి అందుకే అడగనిచ్చేవాడు కాదు.

ఇక శాంతయ్య సంగతి.

శాంతయ్య పేటలో కిరస్తానీ సంఘం మనిషి. అరవై ఏళ్ళవాడు. వయసులో ఉన్నప్పుడు మార్కాపురం పలకరాళ్ళ గనిలో బండ జారి ఎడమచేతి వేళ్ళు రెండు పోయాయి. పేటవాళ్ళ చేతికి చెంబు ఎవరూ ఇవ్వరు గదా, పైనుంచి దోసిట్లోకి పోస్తారు. శాంతయ్య దోసిలిలో నీళ్ళు నిలిచేవి కావు. సగం మోచేతుల వెంట కారిపోయేవి. అందుకే ఇంట్లో ఉన్నప్పుడు పెళ్ళాం దీనమ్మ ముంత ఎత్తి నేరుగా నోట్లో పోసేది. పెళ్ళయిన నాటినుంచీ వాళ్ళ ముచ్చట అది.

ఓబుల్‌రెడ్డి నాలుగోసారి నిలబడ్డ ఏడు, రోహిణి ఎండల్లో ఊళ్ళో రెండు పొట్టేళ్ళు పోయాయి. ఆ సాయంత్రమే శాంతయ్య రాచర్లలో పెళ్ళిభోజనం చేసి, దీనమ్మ కోసం నాలుగు మాంసం ముక్కలు తుండుగుడ్డలో మూటగట్టుకుని వస్తున్నాడు. అంత చాలదా?

ఒక ఎండురాత్రి గడిచింది. పొద్దున అడిగితే "పెండ్లికూర నాయనా" అన్నాడు. చేతులెత్తే రోజుకు ఇంకా రెండు రోజులుంది. అప్పటిదాకా కొయ్య ఖాళీగా ఉండకూడదు. ఓబుల్‌రెడ్డి ఇంకొక రాత్రి అన్నాడు. ఆ మరునాడు కూడా అదే మాట అన్నాడు.

దీనమ్మ ముంతతో నీళ్ళు తెచ్చింది. ఓబుల్‌రెడ్డి ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. తలారిచేత ఆ ముంత తీయించి శాంతయ్యకు ఎదురుగా పెట్టించాడు. బారెడు దూరంలో.

"నిజం చెప్పు. ముంత నీ దగ్గరికొస్తాది," అన్నాడు.

మూడో రాత్రంతా శాంతయ్య పిలుస్తూనే ఉన్నాడు. "నాయనా... నీళ్ళు... నాయనా..." తనకంటే పదిహేనేళ్ళు చిన్నవాణ్ణి నాయనా అని. అరుగు మీద మంచం వేసుకున్న ఓబుల్‌రెడ్డి పైపంచె చెవుల మీదికి లాక్కుని పడుకున్నాడు. తెల్లవారుజామున పిలుపు ఆగింది. ముంతలో నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి.

ఎండదెబ్బ అని రాసి పంపారు. నెల తరువాత గుట్టమీద చిరుతపులి గుహ ముందు ఆ రెండు పొట్టేళ్ళ ఎముకలూ దొరికాయి. అప్పటికే చేతులు లేవడం, ఓబుల్‌రెడ్డి మెళ్ళో దండ పడడం అయిపోయింది. చూశారా, ఎంత తేలిగ్గా అయిపోయిందో.

చావిడికి చెడ్డపేరు వచ్చింది ఆ తరువాతే. అటుగా పోయిన బండివాళ్ళు విన్నామన్నారు. "నాయనా... నీళ్ళు..." పాత తలారి పని మానేసి కంభం వెళ్ళిపోయాడు. రెండేళ్ళదాకా ఊళ్ళో ఎవరూ ఆ కర్ర పట్టుకోవడానికి ఒప్పుకోలేదు. చివరికి పొదిలి నుంచి సుభాని అనే అతన్ని పిలిపించారు. నెమ్మదైనవాడు, చెప్పింది చేసేవాడు. ఊరికి కొత్త. ఏ మొహం ఏ ఇంటిదో చెప్పలేడు.

ఓబుల్‌రెడ్డి కూడా దీపాలవేళ దాటాక చావిడి వైపు పోవడం మానేశాడు. పనిలేక పోలేదంటాడు.

శాంతయ్య పోయి మూడేళ్ళు తిరిగాయి, చేతులెత్తే ఏడు మళ్ళీ వచ్చింది. ఎదుటిపక్షంవాడు తిరుపతిరెడ్డి ఊరంతా ఒకటే మాట తిప్పుతున్నాడు. "కొయ్యలో మనిషి కూచోని ఆరు నెలలాయె. మునసబు శాంతయ్యకు జడిసినాడు." ఆ మాటకు ఓబుల్‌రెడ్డి ఒంటికి కారం రాసినట్టయింది. లెక్కవేసుకుంటే ఇరవై చేతులు తగ్గేట్టున్నాయి. ఒక్క దొంగ కావాలి. చేతులెత్తేలోగా, ఎవడో ఒకడు.

తెల్లవారితే చేతులెత్తడం. ఆ రాత్రి అమావాస్య.

భార్య రమణమ్మ అన్నం పెడుతూ అంది. "పొద్దున్నుంచి కాకి ఒకటే అరుస్తా ఉంది. పిల్లోడు గాని వస్తాడేమో."

చెన్నకేశవులు దొనకొండ రైలాఫీసులో గుమాస్తా. చేరి ఏడాదైంది.

"వానికి సెలవెక్కడిది? వచ్చేటట్టుంటే జాబు రాయడా," అన్నాడు ఓబుల్‌రెడ్డి. ఆయన ముద్ద కలుపుతున్నాడు గాని మనసంతా చేతుల మీదే ఉంది.

అప్పుడు వాకిట్లో దగ్గు వినబడింది. సుభాని.

"మునసబుగారూ... దొరికినాడు."

ఓబుల్‌రెడ్డి కంచం ముందునుంచి లేచి, చెయ్యయినా కడుక్కోకుండా బయటికి వచ్చాడు.

"పొట్టేలుతో సహా దొరికినాడు. వంక దాటతా ఉంటే పట్టుకున్నా. పడుచోడు. కొయ్యలో పెట్టేసినా," అని గొంతు తగ్గించాడు సుభాని. "రాచర్లలో కొన్నానంటాడు. వాడేందో పేరు చెప్తా ఉన్నాడు... తమరికి—"

"ఆపు!"

సుభాని ఆగాడు.

"ఎండురాత్రి పేరు వినకూడదని నీకెన్నిసార్లు చెప్పినా?"

"అది కాదు మునసబుగారూ, వాడు—"

"ఎవుడన్నా కానీ. ఆరు నెలల కింద పట్టుకున్నోడు ఏమన్నాడు?"

"కలెక్టరు దొరకు వంటోణ్ణన్నాడు."

"మరి? చేతులు వెనక్కి కట్టి నోట్లో గుడ్డ కుక్కు. నీళ్ళియ్యొద్దు. పొట్టేలును బందెలదొడ్లో కట్టేసి నువ్వు ఆడనే పండుకో. తిరుపతిరెడ్డి మనుషులు రాత్రికి రాత్రి దాన్ని మాయం చేస్తారు. పొద్దున అందరి ముందర నేనే అడుగుతా పేరు."

సుభాని ఇంకా నిలబడే ఉన్నాడు. ఏదో అనబోయాడు. అనకుండానే వెళ్ళిపోయాడు. పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడు, మునసబు వద్దన్న మాటను రెండోసారి ఎలా చెబుతాడు?

రమణమ్మ గుమ్మంలోంచి అడిగింది. "ఎవురంట?"

"దొంగ," అన్నాడు ఓబుల్‌రెడ్డి. ఆరు నెలల్లో ఆయన మొదటిసారి నవ్వాడు.

నిద్రపట్టలేదు. మొదట సంతోషంతో పట్టలేదు. తరువాత ఒక ఆలోచన వచ్చి కూర్చుంది... వీడు కూడా చస్తే?

చేతులెత్తే పొద్దున కొయ్యలో మళ్ళీ శవం కనబడితే? తిరుపతిరెడ్డికి అంతకంటే ఏం కావాలి? ఎండలు కూడా ఆ ఏటి ఎండలే. వాణ్ణి బతికించాలి. తెల్లవారేదాకా... చేతులు లేచేదాకా.

ఓబుల్‌రెడ్డి లేచాడు. తన పేరు చెక్కిన ఇత్తడి చెంబు నిండా నీళ్ళు ముంచాడు. లాంతరు అందుకున్నాడు. రమణమ్మ నిద్రపోతోంది. అలికిడి కాకుండా గడియ తీశాడు.

ఆయన నీళ్ళు తీసుకుపోతున్నది జాలితో కాదు. అయినా నీళ్ళే గదా, పోసి ఉంటే సరిపోయేది.

ఊరు దాటాడు. గాలి లేదు. కుక్క అరుపు లేదు. చెప్పుల చప్పుడు తనదే తనకు పెద్దగా వినిపిస్తోంది. చెప్పులు విడిచి చంకలో పెట్టుకున్నాడు. అప్పుడు చప్పుడే లేకపోయింది. అది ఇంకా బాగాలేదు.

చావిడి మెట్లు మూడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"నాయనా..."

కాలు అక్కడే ఆగింది.

గుడ్డ కుక్కించాడు గదా? నోట్లో గుడ్డ ఉన్నవాడు ఎలా పిలుస్తాడు? రెండో మెట్టు ఎక్కాడు. చెంబులో నీళ్ళు తొణికి చేతిమీద పడ్డాయి.

"నాయనా... నీళ్ళు..."

ఎండిపోయి, గీరుకుపోయిన గొంతు. మూడేళ్ళ కింద పైపంచెలోంచి విన్న గొంతే. అవే మాటలు. అదే సాగదీత. 'ఎవర్రా నువ్వు' అని ఒక్కమాట అడిగితే అయిపోయేది. పన్నెండేళ్ళుగా అడగవద్దని ఊరందరికీ నేర్పిన నోరది. అవసరానికి రాలేదు.

తలుపు రెక్కలు ఓరగా తెరిచే ఉన్నాయి. లాంతరు పైకెత్తాడు.

వెలుగు లోపలిదాకా పోలేదు. కొయ్య దాకానే పోయింది. మనిషి అటువైపు చీకట్లో ఉన్నాడు. ఇటువైపు బెజ్జాల్లోంచి పాదాలు మాత్రం కనబడుతున్నాయి.

ఒకటి... రెండు...

మూడు.

నాలుగు.

నాలుగు బెజ్జాల్లోనూ కాళ్ళున్నాయి.

పెట్టింది ఒక్కణ్ణి. ఒక్కడికి ఎక్కడైనా రెండు కాళ్ళేగదా? రెండు పాదాలు ముసలివి. బీటలువారి, మట్టిగొట్టుకుపోయి, చీలమండల దగ్గర కొయ్య ఒరుసుకున్న పుండ్లతో... ఆ పుండ్లు ఓబుల్‌రెడ్డికి తెలుసు. శవాన్ని బయటికి తీసినప్పుడు చూశాడు. చూపు అక్కడే అతుక్కుపోయింది. పక్కనున్న జతను ఆయన చూడనే లేదు.

"నాయనా!"

మూడోసారి పిలుపు గట్టిగా వచ్చింది. లాంతరు వెలుగు చూసి ఆశపడిన పిలుపు. చెంబు చేతిలోంచి జారి మెట్లమీద దొర్లింది. లాంతరు ఎక్కడ పడిందో తెలియదు. ఓబుల్‌రెడ్డి పరుగెత్తాడు. వెనకనుంచి ఆ గొంతు ఇంకా పిలుస్తూనే ఉంది. ఆయన రెండు చేతులతో చెవులు మూసుకుని పరుగెత్తాడు.

ఇంటికొచ్చి గడియ పెట్టుకుని, తెల్లవారేదాకా గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

పొద్దు పొడిచింది. పొద్దు పొడిస్తే మనుషులకు ధైర్యం ఎక్కడినుంచి వస్తుందో తెలియదు. రాత్రి చూసింది కల అనుకున్నాడు. స్నానం చేసి, జరీ తలపాగా చుట్టి, కర్ర పట్టుకుని బయలుదేరాడు.

చావిడి ముందు ఊరంతా ఉంది. తాలూకా కచేరీ నుంచి వచ్చిన గుమాస్తా బల్ల వేసుకుని కూర్చున్నాడు. తిరుపతిరెడ్డి మీసం తిప్పుతున్నాడు. దూరంగా పేటవాళ్ళు, వాళ్ళలో దీనమ్మ. మూడేళ్ళుగా ఆమె ఆ చావిడి ముందు ఆగకుండా కూలికి పోయింది లేదు. ఏమీ అనదు, కాసేపు ఆగి పోతుంది.

సుభాని బందెలదొడ్డి నుంచి పొట్టేలును లాక్కొచ్చి నిలబెట్టాడు. జనంలో కలకలం లేచింది. ఓబుల్‌రెడ్డికి ఎక్కడలేని ఊపు వచ్చింది.

"నేను శాంతయ్యకు జడిసినానని కొందరు అంటా ఉన్నారంట," అన్నాడు గొంతెత్తి. "లోపల దొంగ ఉన్నాడు. ఎవుడో నాకు తెలీదు. పేరడగలేదు. వాడు ఎవుడన్నా కానీ, నా తోడబుట్టినోడన్నా కానీ, మూడు రాత్రులు ఆ కొయ్యలోనే ఉంటాడు. సుభానీ, తలుపులు బార్లా తెరువు!"

రెక్కలు తెరుచుకున్నాయి. ఎండ లోపలికి పడింది.

కొయ్యలో ఒకే ఒక్కడు. బెజ్జాల్లో రెండే పాదాలు. కుడిమడమ మీద పొడుగాటి మచ్చ. ఐదేళ్ళప్పుడు కత్తిపీట తగిలి తెగితే ఓబుల్‌రెడ్డే పసుపు అద్ది కట్టుకట్టాడు.

చెన్నకేశవులు తలెత్తి తండ్రిని చూశాడు.

ఓబుల్‌రెడ్డి కాళ్ళ దగ్గర పొట్టేలు ఒక్కసారి అరిచింది.

అప్పుడు కరణం, ఎప్పుడూ గెలిచే పక్షాన ఉండే మనిషి, చేతులు జోడించి కేక పెట్టాడు. "కన్నకొడుకును కొయ్యలో పెట్టిన ధర్మాత్ముడయ్యా! సొంత రక్తమైనా వదల్లేదు! ఇట్లాంటి మునసబు ఏ ఊరికన్నా ఉన్నాడా?"

ఒక చెయ్యి లేచింది. పది లేచాయి. తరువాత అన్నీ లేచాయి. తిరుపతిరెడ్డి మనుషులవి కూడా. చివరికి, చుట్టూ చూసి, తిరుపతిరెడ్డిది కూడా లేచింది. ఓబుల్‌రెడ్డికి పన్నెండేళ్ళలో అన్ని చేతులు ఎప్పుడూ లేవలేదు. గుమాస్తా వేలు చూపిస్తూ లెక్కపెడుతున్నాడు.

ఆ చేతుల కింద, ఆ లెక్క నడుస్తుండగానే, ఓబుల్‌రెడ్డి కొడుకు ముందు కూలబడ్డాడు.

"నువ్వా... నువ్వని చెప్పలేదేమిరా..."

"చెప్పినా. నీ తలారి చేత చెప్పించినా. నువ్వు వినలేదంట గదా." చెన్నకేశవులు గొంతు రాసుకుపోయి ఉంది. "నీ చేతులెత్తే రోజని, పొట్టేలు కొనుక్కోని వచ్చినా. విందు చేస్తావని."

"రాత్రి పిలిచింది..."

"నేనే. గుడ్డ నమిలి ఉమ్మేసి పిలిచినా. లాంతరు పట్టుకోని మెట్లెక్కితివి. ఆ వెలుగులో నీ మొహం చూసి గుర్తుపట్టినా. మూడుసార్లు పిలిచినా నాయనా."

తండ్రి కొడుకు చొక్కా పట్టుకున్నాడు. అది తడిగా ఉంది. మెడనుంచి పొట్టదాకా తడిసి ఉంది.

"ఇవేం నీళ్ళురా? ఎవురు పోసినారు?"

చెన్నకేశవులు తలతో పక్కకు చూపించాడు. కొయ్యకు అవతల, గోడవారన, ఓబుల్‌రెడ్డి పేరు చెక్కిన ఇత్తడి చెంబు నిలబెట్టి ఉంది.

"నువ్వు పారేసి పోతివే, దాంట్లో కొన్ని మిగిలినాయి. ఈ పక్క బెజ్జాల్లో కాళ్ళు పెట్టుకోని ఒక ముసలాయన కూచోని ఉన్నాడు. నేనొచ్చినప్పుడు లేడు. ఎప్పుడొచ్చినాడో తెలీదు. లేచిపోయి చెంబు తెచ్చి దోసిట్లో పోసుకోని తాపినాడు. దోసిట్లో నీళ్ళు నిలవలేదు. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. సగం నా మీదనే పోయినాయి."

ఎత్తిన చేతులు ఇంకా దిగలేదు. ముందువరసలో ఉన్నవాళ్ళు మాత్రం విన్నారు.

"నీ కోసం మళ్ళీ పిలవబోతే ఆపినాడు," అన్నాడు చెన్నకేశవులు. "'మీ నాయన వచ్చి పోయినాడు బాబూ, ఇంక రాడు. తాగు' అన్నాడు."

పేటవాళ్ళలోంచి దీనమ్మ ముందుకు వచ్చింది. ఆమెను ఎవరూ ఆపలేదు. మెట్ల కింద నిలబడి, మెల్లగా అడిగింది.

"ఆయన గూడా... ఇంత తాగినాడా బాబూ?"

చెన్నకేశవులు తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా. ఒక్క చుక్క నోట్లో పోసుకోలేదు."

దీనమ్మ చెంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూర్చుండిపోయింది.

గుమాస్తా లెక్క ముగించాడు. ఏకగ్రీవం అని రాసుకున్నాడు. తరువాత కళ్ళజోడు సవరించుకుని, కొయ్యవైపు చూసి విసుక్కున్నాడు. "ముందు ఆ అబ్బాయిని బయటికి తియ్యండి. ఈ కులంవాళ్ళ కాళ్ళు కొయ్యలో పెట్టడానికి చట్టం ఒప్పుకోదు." సుభాని తాళం తీశాడు. అంత సులభం. ఒక్క ముక్కతో తాళం ఊడింది. దీనమ్మ ఆ తాళం వైపే చూస్తూ ఉంది.

చెన్నకేశవులు ఇంటికి పోలేదు. కుంటుకుంటూనే గిద్దలూరు దారి పట్టాడు. రమణమ్మ వెంటపడి ఏడ్చినా ఆగలేదు. ఆ తరువాత ఆ ఊళ్ళో అతన్ని చూసినవాళ్ళు లేరు.

రాత్రి దీనమ్మే చాటుగా వచ్చి నీళ్ళు పోసి ఉంటుందని, పిల్లవాడు భయంలో ఏదో అన్నాడని కొందరు తేల్చేశారు. అనుకోవచ్చు. కాని దీనమ్మకు పది వేళ్ళూ ఉన్నాయి.

ఓబుల్‌రెడ్డి మూడేళ్ళు మునసబుగా ఉండక తప్పలేదు. వద్దని అర్జీ పెట్టుకుంటే, ఇంత మంచి మునసబును వదులుకోలేమని ఊరే ఎదురు అర్జీ పెట్టింది. కొయ్యలో పెట్టడానికి మాత్రం ఆయన మళ్ళీ ఎవరినీ పట్టలేదు. కొయ్య ఖాళీగానే ఉంది. అయినా ప్రతిరాత్రీ, దీపాలు ఆరిపోయాక, ఆ చెంబు నిండా నీళ్ళు పట్టుకుని చావిడికి పోయేవాడు. మూడు మెట్లూ ఎక్కి, కొయ్య పక్కన చెంబు పెట్టి, చీకట్లోకి వంగి అడిగేవాడు.

"నీ పేరేంది నాయనా?"

పేరు ఆయనకు తెలుసు. ఊరందరికీ తెలుసు. అడగవలసిన రోజున అడగలేదు గనక ఇప్పుడు అడుగుతున్నాడు. లోపలినుంచి పలుకు వచ్చేది కాదు. మెట్లమీద తెల్లవారేదాకా కూర్చుని, వెలుగు రాగానే గబగబా లోపలికి పోయి చెంబులోకి చూసేవాడు.

పోసిన నీళ్ళు పోసినట్టే ఉండేవి. చచ్చేదాకా చూశాడు. చచ్చినాక కూడా చూస్తున్నాడు. ఆ చేతి నీళ్ళు శాంతయ్య ఇంతవరకూ ఒక్క చుక్క ముట్టలేదు.